టెన్షన్ అని వదిలేయొద్దు: మహిళల గుండె, ఒత్తిడి, మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం

"ఏం లేదు, టెన్షన్ అంతే." ఇంట్లో ఆడవాళ్ళు ఛాతీలో బరువుగా ఉందన్నా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నా, రాత్రిపూట దిల్ ఘబ్రా రహా హై అన్నా చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఇదే. లేదంటే "గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగు" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఒత్తిడి గుండెను దెబ్బతీస్తుందని వైద్యశాస్త్రం ఒప్పుకుంటోంది. కానీ ఆ ఒక్క మాటతో పరీక్ష ఆగిపోతే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

మరోవైపు ఫోన్లలో ధ్యానం వీడియోలు చాలా తిరుగుతున్నాయి. రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటే బీపీ పోతుందని, గుండె జబ్బే రాదని కొందరు చెబుతున్నారు. ఇందులో ఎంత నిజం? మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏమిటి? నమాజ్, జిక్ర్ చేసుకునే మహిళలకు అది అవసరమా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కుటుంబాలు పరీక్షకు ఎక్కడికి వెళ్ళాలి? ఆ వివరాలు ఇవి.

మూడు జిల్లాల్లో ఆడవాళ్ళ మీద ఉన్న బరువు

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాలమూరు అంటేనే వలస గుర్తొస్తుంది. మగవాళ్ళు హైదరాబాద్, ముంబై, పూణేలకు పనికి పోతే ఇల్లు, పిల్లలు, అత్తమామలు, అప్పుల వాయిదాలు అన్నీ ఇంట్లో ఉన్న ఆడమనిషి మీదే పడతాయి.

గద్వాల ప్రాంతం పత్తి విత్తనాల సాగుకు పేరు. పువ్వును ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని పరాగం అద్దే ఆ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్ళే. గద్వాల, రాజోలి, అమరచింత మగ్గాల ఇళ్ళలో చీర నేసిన పేరు ఎవరిదైనా, కండెలు చుట్టే చేయి ఆడవాళ్ళది. పట్టణాల్లోని ముస్లిం ఇళ్ళలో చాలామంది కుట్టుమిషన్ మీదో, మగ్గం వర్క్ మీదో నాలుగు రూపాయలు సంపాదిస్తూనే వంట, పిల్లల చదువు చూసుకుంటారు. కూతురి నిఖా ఖర్చు, కొడుకు ఉద్యోగం, భర్త షుగర్ మందులు, వీటి లెక్కంతా ఆమె తలలోనే తిరుగుతుంటుంది.

ఇంత పని చేసే మనిషి తన ఒంట్లో బాగోలేదని చెప్పడం చివరి పని అవుతుంది. చెప్పినా "అందరికీ ఉండేదే కదా" అంటారు.

ఒత్తిడి గుండెను ఎలా దెబ్బతీస్తుంది?

భయం, కోపం, ఆందోళన కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. కుక్క వెంటపడినప్పుడు పరిగెత్తడానికి ఇది పనికొస్తుంది. కానీ నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఇదే స్థితిలో ఉంటే నాళాల లోపలి పొర దెబ్బతింటుంది.

2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 293 మందికి స్కాన్లు తీసి చూశారు. మెదడులో భయాన్ని, ఆందోళనను చూసుకునే అమిగ్డలా భాగం ఎక్కువగా పనిచేసేవారిలో రక్తనాళాల వాపు ఎక్కువగా కనిపించింది. తర్వాతి ఏళ్ళలో గుండె జబ్బులు కూడా వాళ్ళలోనే ఎక్కువ వచ్చాయి.

అంతకు ముందు, 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవారిని పరిశీలించింది. పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, మద్యం అలవాటు, పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒంటికి వ్యాయామం లేకపోవడం అనే తొమ్మిది విషయాలే గుండెపోటు ముప్పులో చాలా భాగానికి కారణమని తేల్చింది. ఆ భాగం మగవాళ్ళలో 90 శాతం, ఆడవాళ్ళలో 94 శాతం. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్ళకంటే ఐదారేళ్ళు ముందే, సగటున 53 ఏళ్ళకే వస్తోందని కూడా అందులో బయటపడింది.

ఒత్తిడి ఇంకో దారిలోనూ హాని చేస్తుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి నిద్రపోదు, వేళకు తినదు, బీపీ గోళీ మర్చిపోతుంది, పాన్‌లో జర్దా ఎక్కువ వేసుకుంటుంది. జర్దా, గుట్కా కూడా పొగాకే. పొగ రానంత మాత్రాన గుండెకు మంచివి కావు.

మహిళల గుండె జబ్బు ఎందుకు దొరకదు?

గుండెపోటు వచ్చినప్పుడు ఆడవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఛాతీలో నొప్పి లేదా బరువు ఉంటుంది. దాంతోపాటు మగవాళ్ళకంటే ఎక్కువగా ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడ, మెడ, వీపు లేదా భుజం నొప్పి, చల్లని చెమట, ఎప్పుడూ లేని నీరసం కనిపిస్తాయి. అందుకే అది గ్యాస్‌గానో, నడుము నొప్పిగానో, టెన్షన్‌గానో పొరబడతారు.

రెండో కారణం, జబ్బు ఉన్న చోటు. అమెరికాలో 1996లో మొదలైన వైజ్ అనే అధ్యయనంలో, ఛాతీ నొప్పితో వచ్చి యాంజియోగ్రామ్ చేయించుకున్న చాలామంది మహిళలకు పెద్ద నాళాల్లో అడ్డు కనిపించలేదు. కానీ గుండె కండరం లోపల ఉండే సన్నని నాళాలు సరిగా పనిచేయడం లేదని తేలింది. "యాంజియోగ్రామ్ బాగుంది, అంతా మనసులోనే" అని పంపేసినవాళ్ళలో కొందరికి నిజంగానే జబ్బు ఉందన్నమాట.

మూడోది, గర్భం నాటి చరిత్ర. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. ఆ సమయంలో షుగర్ వచ్చినవారికీ ముప్పు ఎక్కువే. కాన్పు అయ్యాక బీపీ తగ్గింది కదా అని ఆ సంగతి అందరూ మర్చిపోతారు. ఇరవై ఏళ్ళ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఆ విషయం తప్పకుండా చెప్పాలి. నెలసరి ఆగిన తర్వాత ముప్పు ఇంకా పెరుగుతుంది.

దుఃఖంతో బలహీనపడే గుండె

1990లో జపాన్ వైద్యులు ఒక వింత స్థితిని వర్ణించారు. ఆప్తుల మరణం, పెద్ద భయం, తీవ్రమైన గొడవ వంటి దెబ్బ తగిలిన వెంటనే గుండె ఎడమ గది ఉబ్బి, సరిగా కొట్టుకోలేని స్థితికి వస్తుంది. ఆ ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉండటంతో ఆ కుండ పేరే పెట్టి తకోత్సుబో అన్నారు. ఈ జబ్బు వచ్చేవారిలో పదిమందిలో తొమ్మిది మంది మహిళలే, అందులోనూ ఎక్కువమంది నెలసరి ఆగినవారు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ మొదటి రోజుల్లో ప్రాణాపాయం ఉంటుంది. అది గుండెపోటా, తకోత్సుబోనా అన్నది ఈసీజీ, రక్తపరీక్ష, ఎకో, యాంజియోగ్రామ్ లేకుండా ఎవరూ చెప్పలేరు.

భర్త చనిపోయిన ఇంట్లో ఆమెకు ఛాతీ నొప్పి వస్తే "గమ్‌లో ఉంది, కాసేపు పడుకోనివ్వండి" అనడం అందుకే ప్రమాదం. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్న మహిళ వైద్యం కోసం బయటికి వెళ్ళవచ్చని ఉలమాలు చెబుతారు. ఆ సంకోచంతో దవాఖానకు ఆలస్యం చేయకూడదు.

టెన్షన్‌లా కనిపించే వేరే జబ్బులు

గుండె దడ, ఆయాసం, గాబరా అన్నీ ఒత్తిడి వల్లే రావు. ఈ ప్రాంతంలో ముందు చూడాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. రక్తం తక్కువైతే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. అదే దడగా తెలుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, చేతుల వణుకు ఉంటాయి.

ఇంకొకటి, చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ళ వాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం. అది గుండె కవాటాలను పాడుచేస్తుంది. పేద ఇళ్ళ ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు పెళ్ళయి గర్భం దాల్చాకే బయటపడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ధ్యానంతో పోయేది కాదు. మందు కావాలి, కొన్నిసార్లు ఆపరేషన్ కావాలి.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏమిటి?

ఈ క్షణంలో శ్వాస ఎలా ఆడుతోంది, ఒళ్ళు ఎలా ఉంది, మనసులో ఏ ఆలోచన వచ్చింది అని మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. ఆలోచనలను బలవంతంగా ఆపడం కాదు. ఆలోచన వచ్చిందని తెలుసుకుని, మళ్ళీ శ్వాస మీదికి రావడమే.

దీని మూలాలు బౌద్ధుల విపస్సన సాధనలో ఉన్నాయి. విపస్సన నేర్పే ధమ్మఖేత్త కేంద్రం హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులో 1976 నుంచీ ఉంది. ఆస్పత్రిలో రోగులకు నేర్పే పద్ధతిగా దీన్ని మార్చింది అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు చెందిన జాన్ కబాట్-జిన్. 1979లో ఆయన ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టారు. అందులో పూజ, మంత్రం, విగ్రహం ఏవీ లేవు. శ్వాసను గమనించడం, ఒంటిని తల నుంచి కాలి వరకు గమనించడం, తేలికైన వ్యాయామం ఉంటాయి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి ఒక ప్రకటన ఇచ్చింది. ధ్యానం వల్ల ఒత్తిడి, ఆందోళన తగ్గే అవకాశం ఉందని, బీపీ కొంత తగ్గవచ్చని చెప్పింది. అయితే ఆధారాలు ఇంకా బలంగా లేవని, మందులు, ఆహారం, వ్యాయామాలకు తోడుగా మాత్రమే చేయాలని, వాటి బదులు కాదని స్పష్టం చేసింది.

మన దేశంలోనే యోగా-కేర్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిలో సగం మందికి యోగా, శ్వాస, ధ్యానం నేర్పారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం నేర్చుకున్నవారు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, పాత పనులకు బాగా తిరిగి రాగలిగారు. కానీ మరణాలు, మళ్ళీ గుండెపోటు రావడం వంటివి గట్టిగా తగ్గాయని తేలలేదు. పైగా ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో మహిళలు చాలా తక్కువ.

అంటే దీని లాభం మనసు నెమ్మదించడం, నిద్ర పట్టడం, జీవితం కొంత సులువు కావడం. నాళంలో అడ్డును కరిగించే శక్తి దానికి లేదు.

నమాజ్, జిక్ర్, తస్బీహ్ సంగతేంటి?

రోజూ ఐదు పూటలా నమాజ్ చేసే మహిళకు మనసును ఒకచోట నిలపడం కొత్త విషయం కాదు. ఖుషూతో, అంటే మనసు పెట్టి, తొందర లేకుండా చేసే నమాజ్‌లో ఆ సాధన ఉంది. సూఫీ సిల్‌సిలాల్లో మురాఖబా అనే మౌన సాధన శతాబ్దాలుగా ఉంది. అయితే ఇబాదత్ అల్లాహ్ కోసం చేసేది, బీపీ తగ్గించుకోవడానికి చేసేది కాదు. ఆరోగ్యానికి లాభం కలిగితే అది అదనం.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వైద్యుడు లూచానో బెర్నార్డి బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. 23 మంది క్రైస్తవుల జపమాల ప్రార్థనను, యోగా మంత్రాన్ని చదివారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్లకు నెమ్మదించింది. ఆ లయలో గుండె, రక్తపోటు కలిసి చక్కగా నడిచాయి. జపమాల యూరప్‌కు అరబ్బుల నుంచి చేరిందని ఆ పరిశోధకులే రాశారు. ఆ పరీక్షలో తస్బీహ్ లేదు. కానీ నమాజ్ తర్వాత 33, 33, 34 సార్లు చేసే తస్బీహ్‌ను హడావిడిగా ముగించకుండా నిదానంగా చదివితే శ్వాస కూడా నెమ్మదిస్తుందని అర్థం చేసుకోవచ్చు.

కళ్ళు మూసుకుని శ్వాస గమనించడం దీన్‌కు విరుద్ధమా అన్న సందేహం ఉన్నవారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగవచ్చు. మంత్రాలు, ఇతర మతాల పూజా పద్ధతులు ఉన్న తరగతులు ఇష్టం లేకపోతే, కేవలం శ్వాస సాధన ఇంట్లోనే చేసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, యాప్ కూడా అవసరం లేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి

ఫజర్ తర్వాత ఇల్లు సద్దుమణిగి ఉన్నప్పుడో, ఇషా తర్వాత పడుకునే ముందో పది నిమిషాలు చాలు.

1. గోడకు ఆనుకునో, కుర్చీలోనో నడుము నిటారుగా పెట్టి కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పి ఉంటే కింద కూర్చోనక్కరలేదు.

2. నోరు మూసి ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు శ్వాస తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు నిదానంగా వదలాలి. ఊపిరి బిగబట్టొద్దు.

3. రెండు మూడు నిమిషాల తర్వాత లెక్క మానేసి, శ్వాస మామూలుగా ఆడుతుంటే గమనించాలి.

4. పాలు పొయ్యి మీద ఉన్నాయని, చిట్టీ డబ్బు కట్టాలని ఆలోచనలు వస్తాయి. రావడం తప్పు కాదు. వచ్చిందని గుర్తించి మళ్ళీ శ్వాస మీదికి రావాలి.

5. చివరగా నుదురు, దవడ, భుజాలు, చేతులు బిగించి ఉన్నాయేమో చూసి వదులు చేయాలి.

కూర్చునే తీరిక లేనివారు అంట్లు తోమేటప్పుడు, వుజూ చేసేటప్పుడు నీటి చల్లదనాన్ని, చేతి కదలికను గమనించినా చాలు.

ఎవరికైనా కళ్ళు మూసుకోగానే పాత భయాలు, చేదు జ్ఞాపకాలు ఎక్కువైతే ఆపేయాలి. రెండు వారాలకు పైగా దిగులు, ఏడుపు, బతకాలని లేదన్న ఆలోచనలు ఉంటే అది సాధనతో తీరేది కాదు. టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో కొట్టడం, వేధించడం వల్ల వచ్చే ఒత్తిడికి శ్వాస సాధన జవాబు కాదు. దానికి 181 మహిళా హెల్ప్‌లైన్, జిల్లాలోని సఖి కేంద్రం ఉన్నాయి.

పరీక్ష ఎక్కడ?

30 ఏళ్ళు దాటిన ప్రతి మహిళా బీపీ, షుగర్ చూపించుకోవాలి. దగ్గరలోని పల్లె దవాఖాన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. జాతీయ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన మహిళల్లో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది లేదా వాళ్ళు దానికి మందు వాడుతున్నారు. బీపీకి నొప్పి ఉండదు, చూస్తేనే తెలుస్తుంది. పదే పదే 140/90 లేదా అంతకు మించి వస్తుంటే డాక్టర్‌ను కలవాలి.

వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబర్‌లో ప్రారంభమయ్యాయి. గద్వాలకు 2024లో వైద్య కళాశాల మంజూరైంది. పెద్ద చికిత్స అవసరమైతే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆస్పత్రులు ఉన్నాయి. గద్వాల, అలంపూర్ వైపు వారికి కర్నూలు దగ్గర. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. రేషన్ కార్డు, ఆధార్ ఒకేచోట పెట్టుకుంటే అర్ధరాత్రి వెతుక్కునే పని ఉండదు.

ఈసీజీ అంటే ఛాతీ మీద తీగలు పెడతారని, చేసేది మగవాళ్ళేమోనని కొందరు మహిళలు వెనకాడతారు. నర్సుతో చేయించమని, తెర వేయమని అడగడంలో తప్పు లేదు. వెంట ఒక ఆడమనిషి ఉండవచ్చు. ఆ పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలే. కానీ అత్యవసర సమయంలో లేడీ నర్సు కోసం ఆగకూడదు.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన సూచనలు

ఛాతీలో బరువు, నొక్కినట్టు ఉండి తగ్గకపోతే, నొప్పి దవడకో, చేతికో, వీపుకో పాకితే, చల్లని చెమట, వాంతి, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే ధ్యానం, సోడా, మసాజ్ ఏవీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవారికి నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు, కాబట్టి ఆయాసం, చెమటలను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంటివాళ్ళు చేయాల్సింది

ఒత్తిడి తగ్గించుకో అని ఆమెకు చెప్పడం సులువు. ఆ పది నిమిషాలు ఎవరిస్తారన్నదే ప్రశ్న. పిల్లలను కాసేపు చూసుకోవడం, గోళీల డబ్బా నింపి పెట్టడం, వంటలో ఉప్పు తగ్గితే గొణగకపోవడం మగవాళ్ళ చేతిలో ఉన్న పనులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉప్పు పరిమితి మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, పాపడ్, ఉప్పుచేప కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రోజూ అరగంట నడక ఆమెకూ కావాలి, తోడుగా ఆపానో, కోడలో ఉంటే ఇంకా మంచిది.

రమ్జాన్‌లో బీపీ, షుగర్, గుండె మందులు వాడేవారు సొంతంగా గోళీ మానకూడదు. నెల ముందే డాక్టర్‌ను కలిసి సహరీ, ఇఫ్తార్ వేళలకు మందులు మార్చుకోవాలి. రోజా ఉండొద్దని డాక్టర్ చెబితే దీన్‌లో రోగికి మినహాయింపు ఉంది.

చివరగా వరుస గుర్తుంచుకోవాలి. ముందు పరీక్ష, తర్వాత మందు, వాటితోపాటు శ్వాస సాధన. అమ్మీ ఛాతీ పట్టుకుని కూర్చుంటే అది టెన్షనో కాదో చెప్పాల్సింది ఈసీజీ చూసిన డాక్టర్, ఇంట్లోవాళ్ళు కాదు.